పంపిన ఫీజు తిరిగొచ్చింది… మళ్లీ పంపే ముందు ఆ ఒక్క కాగితం అడగండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి అమెరికాలో, టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతోంది. మొన్న ఆగస్టులో మొదటి విడతగా 8 లక్షల 60 వేల రూపాయలు మా బ్రాంచి నుంచే పంపాను. ఏ ఇబ్బందీ లేకుండా చేరింది. రెండో సెమిస్టరుకు 2026 జనవరి 8న 13,400 డాలర్లు పంపాను. డాలరు ₹91.20 చొప్పున ₹12,22,080 తీసుకున్నారు. టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) అని విడిగా ₹54,104 పట్టుకున్నారు. జనవరి 20న ఫోనుకు మెసేజ్ వచ్చింది, ₹11,87,259 జమ అయిందని! బ్యాంకుకు పరిగెత్తితే, ‘అక్కడి నుంచి రిటర్న్ వచ్చిందండీ, కారణం మాకు తెలీదు, మళ్లీ పంపండి’ అన్నారు. మళ్లీ పంపితే ఇంకో ₹61 వేలు టీసీఎస్ అట. యూనివర్సిటీ వాళ్లు మాకసలు డబ్బే రాలేదంటున్నారు. నెలాఖరులోగా కట్టకపోతే క్లాసుల నుంచి పేరు తీసేస్తారని అమ్మాయి ఒకటే ఏడుపు. మా ఊరాయన ఒకరు, ‘మా అబ్బాయి డల్లాస్‌లోనే ఉన్నాడు, వాడు అక్కడ డాలర్లు కట్టేస్తాడు, మీరు ఇక్కడ నాకు రూపాయలివ్వండి, ఏ ఖర్చూ ఉండదు’ అంటున్నారు. ఆగస్టు ఫారం, జనవరి స్విఫ్ట్ కాపీ, పాస్‌బుక్ పేజీ, అమ్మాయి పంపిన ఫీజు బిల్లు ఫోటోలు జత చేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీ ఫోటోలు నాలుగూ పెద్దవి చేసి చూశాను. మీ డబ్బు ఎవరూ తినలేదు. తగ్గిన ముప్పై అయిదు వేలు ఎక్కడెక్కడ పోయాయో కూడా పైసలతో సహా లెక్క తేలుతోంది, కింద చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట: తిరిగి రావడానికి కారణం ఏమిటో కాగితం మీద మీ చేతికి వచ్చేదాకా రెండోసారి పంపకండి. ‘మళ్లీ పంపండి’ అనడం కౌంటర్లో ఉన్నాయనకు తేలిక. అవే వివరాలతో మళ్లీ పంపితే అదే దారిలో మళ్లీ తిరిగొస్తుంది, ఇంకో ముప్పై అయిదు వేలు పట్టుకుని. నేను ఫారెక్స్ డెస్క్‌లో పనిచేసిన రోజుల్లో ఒకే ఫారాన్ని మూడుసార్లు జిరాక్స్ తీసి మూడుసార్లు పంపించిన తండ్రిని చూశాను. మూడోసారి డబ్బు తిరిగొచ్చాక గానీ ఆ ఫారంలో ఏముందో ఎవరూ చదవలేదు, మాతో సహా.

ఇక్కడ కారణం తేలేలోపు అక్కడ అమ్మాయి చేయాల్సిన పని ఉంది. మనకు రాత్రి అయ్యేసరికి వాళ్లకు ఆఫీసులు తెరుస్తారు. ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. స్టూడెంట్ అకౌంట్స్ అనో బర్సర్ అనో ఒక ఆఫీసు ఉంటుంది, అక్కడికి మనిషే వెళ్లాలి, మెయిల్ పెట్టి కూర్చుంటే ఈ నెల అయిపోతుంది. మీ స్విఫ్ట్ కాపీ, డబ్బు వెనక్కి జమ అయిన పాస్‌బుక్ పేజీ ప్రింటు తీసుకెళ్లి, గడువులోగానే పంపామని, బ్యాంకుల దగ్గర తిరిగిపోయిందని, మళ్లీ చేరడానికి పది రోజులు కావాలని, లేట్ ఫీజు మాఫీ చేయమని రాసివ్వాలి. ఫీజును వాయిదాల్లో కట్టే ప్లాన్ చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది. అందులో చేరి మొదటి వాయిదా కడితే పేరు నిలబడుతుందేమో అడగాలి. అదే రోజు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో డీఎస్‌ఓను, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని కూడా కలవమనండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ క్లాసుల్లో నమోదై ఉండాలి కదా, ఫీజు కట్టలేదని పేరు తీసేస్తే అది వీసా దాకా పోతుంది. జరగకముందే డీఎస్‌ఓ చెవిన వేస్తే వాళ్లు దారి చూపిస్తారు. జరిగాక వెళితే వాళ్ల చేతుల్లో ఉండేది తక్కువ. ఏడవాల్సిన పనేమీ లేదని, ఈ అవస్థ అమెరికాలో చదివే పిల్లలకు కొత్త కాదని కూడా చెప్పండి.

ఇప్పుడు కారణం సంగతి.

మీరు మనియార్డర్లు చూసిన తరం. మనిషి దొరక్కపోతే మనియార్డరు ఊరికే తిరిగొచ్చేది కాదు. ‘ఇల్లు మారారు’ అనో, ‘ఈ పేరు గలవారు లేరు’ అనో పోస్ట్‌మ్యాన్ రాసిన రాతతో వచ్చేది. విదేశాలకు బ్యాంకు ద్వారా పంపే డబ్బూ అంతే. తిరిగొచ్చేటప్పుడు దాని వెంట కారణం రాసి ఉన్న ఒక సందేశం వస్తుంది. ఆ రాత మీ బ్యాంకుకు వచ్చింది. మీ బ్రాంచి కౌంటరు దాకా రాలేదు, అంతే తేడా.

ఎందుకు రాలేదంటే, మీ బ్రాంచి మీ డాలర్లను నేరుగా టెక్సాస్‌కు పంపలేదు. మీ ఫారం మీ బ్యాంకు ఫారెక్స్ విభాగానికి వెళ్లింది. మీ బ్యాంకుకు న్యూయార్క్‌లో ఒక పెద్ద బ్యాంకు దగ్గర డాలర్ల ఖాతా ఉంటుంది. దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. ‘మా ఖాతాలోంచి ఇంత తీసి ఫలానా బ్యాంకులో ఫలానా ఖాతాకు వేయండి’ అని మీ ఫారెక్స్ విభాగం ఆ న్యూయార్క్ బ్యాంకుకు ఒక సందేశం పెడుతుంది. ఆ సందేశం నడిచే దారే స్విఫ్ట్. 1973లో బెల్జియంలో పెట్టిన సంస్థ అది. చాలామంది స్విఫ్ట్ అంటే డబ్బు మోసుకెళ్లేది అనుకుంటారు, కాదు, అది ఉత్తరం మోసేది మాత్రమే. డబ్బు బ్యాంకుల ఖాతాల్లో జమాఖర్చులుగా కదులుతుంది. యూనివర్సిటీ బ్యాంకు ‘ఈ ఖాతాలో వేయలేను’ అంటే, ఆ మాట వచ్చిన దారినే వెనక్కి నడిచి మీ ఫారెక్స్ విభాగం కంప్యూటర్‌లో ఆగుతుంది. మీ బ్రాంచికి కనబడేది ‘రిటర్న్, ఇంత జమ’ అన్న ఒక్క ఎంట్రీ. కాబట్టి కౌంటర్లో ఆయన ‘నాకు తెలీదు’ అన్నది అబద్ధం కాదు. తెలుసుకుని చెబుతాను అనకపోవడమే తప్పు.

మీరు పంపిన స్విఫ్ట్ కాపీ ఒకసారి చేతిలోకి తీసుకోండి. 2025 నవంబరు నుంచి బ్యాంకులు తమలో తాము కొత్త ఫార్మాట్‌లోకి మారిపోయినా, మీ బ్రాంచి ఇచ్చిన ప్రింటు పాత పద్ధతిలో నంబర్ల వరుసలతోనే ఉంది. మనకు అదే మంచిది, చదవడం తేలిక. 50 అని ఉన్న చోట పంపినవారు, అంటే మీరు. 57 దగ్గర డబ్బు చేరాల్సిన బ్యాంకు. 59 దగ్గర ఖాతా నంబరు, దాని కింద యూనివర్సిటీ పేరు. 70 దగ్గర ఎందుకు పంపుతున్నారన్న వివరం. 71 దగ్గర ఖర్చులు ఎవరివి. పైన 121 అని ఉన్న చోట పొడవాటి నంబరొకటి, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి, మధ్యలో నాలుగు అడ్డగీతలతో. మొత్తం 36 గుర్తులు. దాన్ని యూఈటీఆర్ అంటారు. పుట్టినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా ఆ చెల్లింపుకు అదే నంబరు. కొరియర్ పార్సిల్ నంబరులాగా దారిలో ఉన్న ఏ బ్యాంకైనా దాన్ని కొట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు 59 దగ్గర ఖాతా నంబరు చివరి నాలుగంకెలు చూడండి: 4417. మీ ఆగస్టు ఫారంలోనూ 4417. ఇప్పుడు అమ్మాయి పంపిన ఫీజు బిల్లు రెండో పేజీ తీయండి. ‘వైర్ ట్రాన్స్‌ఫర్ ద్వారా కట్టేవారు’ అన్న భాగంలో అదే బ్యాంకు, అదే యూనివర్సిటీ పేరు, కానీ ఖాతా నంబరు చివర 9032.

మీరు ఉత్తరంలో రాయలేదు గానీ జరిగింది ఇదీ అనుకుంటున్నాను: బ్రాంచికి వెళ్లి, ‘ఆగస్టులో పంపిన వివరాలు మీ దగ్గర ఉన్నాయి కదా, వాటికే పంపండి’ అన్నారు. వాళ్లూ సరేనన్నారు. యూనివర్సిటీ ఈలోగా ఖాతా మార్చింది. పాత ఖాతా మూసేసి ఉంటే డబ్బు నిలబడడానికి చోటు లేదు, తిరిగొచ్చింది. యూనివర్సిటీ ఆఫీసు ‘రాలేదు’ అన్నదీ నిజమే, వాళ్ల పుస్తకాల్లోకి అది రానేలేదు మరి. మీరూ, మీ బ్యాంకూ, యూనివర్సిటీ ముగ్గురూ నిజమే చెబుతున్నారు.

అయినా ఇది నా ఊహే. తొంభై పాళ్లు అదే అయి ఉంటుందనుకుంటున్నా, పన్నెండు లక్షల విషయంలో ఊహ మీద పోకూడదు. అందుకే ఆ కారణం కోడ్ అడగమంటున్నాను. ఆ కోడ్‌లు నాలుగు గుర్తులవి. ఏసీ04 అని ఉంటే ఖాతా మూసేశారని అర్థం, నా ఊహ నిజమైనట్టు. ఏసీ01 అయితే ఖాతా నంబరే తప్పు. ఏసీ06 అయితే ఖాతాను స్తంభింపజేశారు. బీఈ01 అయితే నంబరుకూ పేరుకూ పొంతన కుదరలేదు. ఆర్‌ఆర్04 అయితే నియమ నిబంధనల కారణం, అంటే వాళ్ల తనిఖీలో ఏదో ప్రశ్న వచ్చింది, దానికి జవాబు లేక వెనక్కి పంపారు. ఒక్కోసారి ఎంఎస్03 అని ఉంటుంది, ‘కారణం చెప్పడం లేదు’ అన్నదే దాని అర్థం. పోస్ట్‌మ్యాన్ ఏమీ రాయకుండా సంచిలో పడేసినట్టు. అలాంటప్పుడు మీ బ్యాంకు ఇంకో సందేశం పెట్టి అడగాలి, అడిగించుకోవాలి.

రేపు వెళ్లేటప్పుడు తెల్లకాగితం మీద మేనేజరు పేరిట ఇలా రాసుకెళ్లండి: ‘జనవరి 8న నా ఖాతా నుంచి పంపిన 13,400 డాలర్లు జనవరి 20న తిరిగి జమ అయ్యాయి. ఆ చెల్లింపు యూఈటీఆర్ నంబరు ఇది. తిరిగి వచ్చిన సందేశం కాపీ, అందులోని రిటర్న్ రీజన్ కోడ్, ఏ బ్యాంకు వెనక్కి పంపింది, ఏ బ్యాంకు ఎంత కోసుకుంది అన్న వివరాలు ఇప్పించగలరు.’ నకలు మీద సీలు, తేదీ వేయించుకోండి. నోటితో అడిగితే ‘హైదరాబాద్‌కు మెయిల్ పెట్టాం సార్’ దగ్గర ఆగుతుంది. యూఈటీఆర్ రాసిన కాగితం అయితే ఫారెక్స్ విభాగంలో ఎవరో ఒకరు ఆ నంబరు కొట్టక తప్పదు. నిజానికి ఇది ఐదు నిమిషాల పని. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక 30 రోజులైనా జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, రుసుము ఉండదు, వివరాలకు ఫోన్ నంబరు 14448. మీ విషయంలో అంతదూరం అక్కర్లేదనుకుంటాను.

తిరిగి రావడానికి పన్నెండు రోజులు ఎందుకు పట్టిందని మీకు అనుమానం రావచ్చు. మధ్యలో మనకు సంక్రాంతి సెలవులు, వాళ్లకు జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. రెండు వైపులా శని, ఆదివారాలు. అంతకుమించి అందులో రహస్యం లేదు.

ఇక లెక్క. మీ పాస్‌బుక్ ఎంట్రీలో చిన్న అక్షరాల్లో 13,355 డాలర్లు, రేటు 88.90 అని ఉంది. అంటే 13,400లో 45 డాలర్లు దారిలో బ్యాంకులు కోసుకున్నాయి. 91.20 లెక్కన అది ₹4,104. మిగిలిన 13,355 డాలర్లు మీకు 91.20కి అమ్మారు, 88.90కి తిరిగి కొన్నారు. డాలరుకు ₹2.30 తేడా, మొత్తం ₹30,716.50. రెండూ కలిపితే ₹34,820.50. మీ ₹12,22,080 లోంచి ₹11,87,259.50 తీసేసి చూడండి, అంతే వస్తుంది. పైన పాస్‌బుక్‌లో విడిగా ఇంకో మూడు ఎంట్రీలున్నాయి: 1,030, 1,024, 1,180. మొదటి రెండూ డాలర్ల మార్పిడి మీద జీఎస్టీ. పది లక్షలు దాటిన లావాదేవీకి 5,500 రూపాయలు, పది లక్షల పైన ఉన్న మొత్తంలో 0.1 శాతం కలిపి దాన్ని సేవ విలువగా లెక్కిస్తారు, దాని మీద 18 శాతం పన్ను. రూపాయలు డాలర్లయినప్పుడు ఒకసారి, డాలర్లు రూపాయలైనప్పుడు ఇంకోసారి. చివరి 1,180 బ్యాంకు కమీషన్, దాని జీఎస్టీతో కలిపి. అంతా చూస్తే మీకు నికరంగా పోయింది ₹38,054.50.

ఇందులో తిరిగొచ్చేది ఎంత? కారణం మనం అనుకున్నదే అయితే, పాత ఖాతా వివరాలు ఇచ్చింది మనమే కాబట్టి బ్యాంకును నిలదీయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కటి సరిచూసుకోండి. జనవరిలో మీరు సంతకం పెట్టిన దరఖాస్తు నకలులో 9032 ఉండి, స్విఫ్ట్ కాపీలో 4417 ఉంటే తప్పు వాళ్లది. అప్పుడు మొత్తం 38 వేలూ అడగండి, గట్టిగా అడగండి. దరఖాస్తులోనూ 4417 ఉంటే ఊరుకోవడమే. కాకపోతే రెండోసారి పంపేటప్పుడు కొంత రాబట్టుకోవచ్చు. 12 లక్షల మొత్తానికి బోర్డు మీద రేటే తీసుకోనక్కర్లేదు. ‘మొదటిసారి చాలా నష్టపోయాను, ట్రెజరీ నుంచి స్పెషల్ రేటు తెప్పించండి’ అని మేనేజరును అడగండి. డాలరుకు 40 పైసలు తగ్గించినా ₹5,360 మిగులుతాయి. అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక మాట. డబ్బు తిరిగొస్తోందని రూపాయల్లో జమ కాకముందే తెలిస్తే, ‘రూపాయల్లోకి మార్చకండి, సరైన వివరాలిస్తాను, అవే డాలర్లు మళ్లీ పంపండి’ అని రాసివ్వండి. బ్యాంకు ఒప్పుకుంటే ఆ రెండు రూపాయల ముప్పై పైసల దెబ్బ తప్పుతుంది. పంపిన రెండు మూడు రోజులకే యూఈటీఆర్‌తో ఎక్కడుందో ఒకసారి అడిగి చూసుకోవాలని చెప్పేది ఇందుకే.

టీసీఎస్ గురించి మీకున్న భయం సగం నిజం. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద ముందుగా కట్టించుకున్న ఆదాయపు పన్ను. 2025-26లో సొంత డబ్బుతో చదువుకు పంపితే, ఆర్థిక సంవత్సరం మొత్తం మీద 10 లక్షలు దాటిన సొమ్ముపై 5 శాతం. మీ ఆగస్టు 8,60,000, జనవరి 12,22,080 కలిపి పది లక్షలు తీసేస్తే 10,82,080. దాని మీద 5 శాతం, 54,104. సరిగ్గానే పట్టారు. అయితే ఆ జనవరి చెల్లింపు ఇప్పుడు జరగనట్టే లెక్క కదా. అలాంటప్పుడు రెండోసారి పంపితే ఇంకో 61 వేలు ఎందుకు? ఇక్కడ మీరు తొందరపడాల్సింది తేదీ దగ్గర. జనవరిలో పట్టిన టీసీఎస్‌ను బ్యాంకు ఫిబ్రవరి 7లోగా ప్రభుత్వానికి కట్టాలి. ఆలోపే, అంటే ఈ వారంలోనే, ‘తిరిగొచ్చిన చెల్లింపు మీద పట్టిన టీసీఎస్ వెనక్కి వేయండి, లేదా రెండోసారి పంపేదానికి సర్దండి, నా ఎల్‌ఆర్‌ఎస్ లెక్కలో కూడా ఆ 13,400 డాలర్లు తీసేయండి’ అని ఇంకో కాగితం ఇవ్వండి. ఎల్‌ఆర్‌ఎస్ అంటే ఒక మనిషి ఏడాదిలో విదేశాలకు ఎంత పంపాడో ఉంచే లెక్క. కట్టేశాక అడిగితే మా చేతిలో లేదంటారు. అంతా విఫలమై రెండుసార్లూ పట్టినా, రెండూ మీ 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో కనిపిస్తాయి, జూలైలో రిటర్ను వేసేటప్పుడు మొత్తం క్లెయిమ్ చేసుకోవచ్చు. డబ్బు పోదు, నెలల తరబడి ఇరుక్కుంటుంది. పింఛను మీద బతికే మనిషికి అదీ భారమే, కాదనను. ఫారం 27డీ అనే సర్టిఫికెట్ మాత్రం బ్యాంకు నుంచి తప్పక తీసుకోండి.

అన్నట్టు, విద్యారుణం తీసుకుని ఆ రుణం డబ్బే పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేదు. మీకు ఈ ఏడాదికి ఉపయోగపడదు గానీ మిగిలిన సెమిస్టర్లకు బ్యాంకులో ఒకసారి మాట్లాడి చూడండి.

మీ ఊరాయన మాట దగ్గరికొద్దాం. ఆయన మంచివాడే అయుండొచ్చు. వాళ్లబ్బాయికి ఇక్కడ రూపాయలు కావాలి, మీకు అక్కడ డాలర్లు కావాలి, ఇంటికి ఇల్లు కలిసొచ్చినట్టే కనిపిస్తుంది. కానీ డబ్బు బ్యాంకు దారిలో దేశం దాటకుండా, ఇక్కడ రూపాయలూ అక్కడ డాలర్లూ చేతులు మారడాన్నే హవాలా అంటారు. పేరు వింటే సినిమా స్మగ్లర్లు గుర్తొస్తారు గానీ, చట్టం దృష్టిలో తెనాలి, డల్లాస్ బంధువుల సర్దుబాటు కూడా ఆ గాటనే కడతారు. 1999 నాటి ఫెమా, అంటే విదేశీ మారక నిర్వహణ చట్టం కింద జరిమానా ఆ మొత్తానికి మూడింతల దాకా ఉండొచ్చు. మీ పన్నెండు లక్షలకు ముప్పై ఆరు లక్షలు. అదటుంచి, రేపు అమ్మాయి ఏదైనా కోర్సు వదిలేసి ఫీజు వెనక్కి రావాల్సి వస్తే, డబ్బు ఎవరి నుంచి వచ్చిందో వాళ్లకే తిప్పి పంపాలన్నది చాలా యూనివర్సిటీల నియమం. అప్పుడు మీ డబ్బు ఊరాయన కొడుకు ఖాతాలో పడుతుంది. చదువుకు డబ్బు ఎక్కడిదని రేపు ఏ ఆఫీసులో అడిగినా చూపించడానికి మీ దగ్గర ఒక్క కాగితమూ ఉండదు. ఆయనతో గొడవ అక్కర్లేదు, ‘బ్యాంకులో పని అయిపోయిందండీ’ అనేయండి.

కోడ్ వచ్చింది, ఏసీ04 అనుకుందాం. రెండోసారి పంపేటప్పుడు ఆగస్టు ఫారాన్ని ముట్టుకోకండి. అమ్మాయిని యూనివర్సిటీ పోర్టల్‌లో లాగిన్ అయి ఆ రోజు కనిపించే వైర్ వివరాలే డౌన్‌లోడ్ చేసి పంపమనండి. 9032 నంబరు పోర్టల్ బిల్లులోనే ఉంది కాబట్టి నమ్ముతున్నాను. అదే ‘మా ఖాతా మారింది, ఇకపై ఇక్కడికి పంపండి’ అని ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చి ఉంటే, యూనివర్సిటీకి ఫోన్ చేసి నిర్ధారించుకునేదాకా ఒక్క డాలరు కూడా పంపొద్దనేవాణ్ని. తప్పు ఖాతాకు పోయిన డబ్బు తిరిగిరావడం ఒక అదృష్టం మాస్టారూ. మోసగాడి ఖాతా మూసేసి ఉండదు, అందులో పడ్డది పడ్డట్టే. అవతలివాడు ఒప్పుకుంటే తప్ప బ్యాంకు దాన్ని వెనక్కి లాగడం చాలా కష్టం.

అమెరికాలో ఐబ్యాన్ అనే పొడవాటి ఖాతా నంబరు ఉండదు, యూరప్, గల్ఫ్ లాంటి చోట్లకు పంపేవాళ్లకు అది. అమెరికాకు స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబరు, తొమ్మిదంకెల రూటింగ్ నంబరు కావాలి. ఇక్కడ ఒక ఇరకాటం ఉంది: చాలా అమెరికా బ్యాంకుల్లో దేశం లోపలి మామూలు బదిలీలకు ఒక రూటింగ్ నంబరు, వైర్లకు వేరే నంబరు. చెక్కు మీద ఉన్నది చూసి పిల్లలు పంపేస్తుంటారు. ‘వైర్’ అని రాసి ఉన్నదే ఇవ్వాలి.

70 దగ్గర మీ కాగితంలో ‘ఫీజ్ స్ప్రింగ్’ అని, అమ్మాయి పేరు పొట్టి అక్షరాలతో ఉంది. స్టూడెంట్ ఐడీ లేదు. ఖాతా సరైనదే అయినా ఇది చాలు తిప్పి పంపడానికి. వేలమంది పిల్లలున్న చోట ‘కె. లక్ష్మి’ ఎవరో వాళ్లు ఎలా కనుక్కుంటారు? ఆ గడిలో నాలుగు వరుసలు, వరుసకు 35 అక్షరాలే పడతాయి. మొదటి వరుసలో స్టూడెంట్ ఐడీ, రెండో వరుసలో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, ఆ తర్వాతే మిగతా కబుర్లు. 71 దగ్గర ఖర్చులన్నీ పంపేవారివే అని ఎంచుకోండి, అంటే ఓయూఆర్. కిందటిసారి ఎస్‌హెచ్‌ఏ అని ఉంది, అంటే దారిఖర్చులు ఫీజులోంచే కోస్తారు. డబ్బు సవ్యంగా చేరి ఉన్నా పాతికో ముప్పయ్యో డాలర్లు తక్కువై, బాకీ ఉందని ఇంకో మెయిల్ వచ్చేది. ఓయూఆర్ పెట్టినా ఒక్కోసారి ఎవరో ఒకరు కోస్తారు, అయినా అదే మేలు. పర్పస్ కోడ్ దగ్గర చదువుకు ఎస్0305 పడిందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. బ్రాంచిలో టైపు చేశాక ‘పంపు’ నొక్కకముందే స్క్రీన్ మీద ఖాతా నంబరు మీరే పైకి చదవండి, వెనక నుంచి ముందుకు. ముందు నుంచి చదివితే కన్ను తప్పును దాటేస్తుంది. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, జవాబు పత్రాలు దిద్దిన చేయి మీది.

యూనివర్సిటీ పోర్టల్‌లోనే ఫ్లైవైర్ లాంటి సంస్థ ద్వారా రూపాయల్లో కట్టే లింకు ఉందేమో కూడా అమ్మాయిని చూడమనండి. స్టూడెంట్ ఐడీ దానంతటదే జతపడుతుంది కాబట్టి ఈ రకం తప్పు జరగదు. రేటు మాత్రం బ్యాంకు రేటుతో పోల్చుకునే ఎంచుకోండి.

మన పేర్ల గురించి ఒక్కటి చెప్పాలి, ఖర్చులకు అమ్మాయి సొంత ఖాతాకు పంపేటప్పుడు పనికొస్తుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు వెనక రాస్తారు. ఇక్కడ బ్యాంకులో ‘కె. వెంకట లక్ష్మి’, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, అక్కడి ఖాతాలో ఇంకోలా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పిల్లలకైతే అమెరికా వీసాలో అసలు పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, ముందు పేరు తెలియదని దాని అర్థం. ఆ పేరుతోనే ఖాతా తెరిచిన పిల్లలూ ఉన్నారు. మనకది నవ్వులాటగా ఉంటుంది గానీ, ఖాతా ఏ పేరున ఉందో 59 దగ్గర అదే పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. అమ్మాయిని బ్యాంకు యాప్‌లో తన పేరు ఎలా ఉందో స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి, ఇంట్లో పిలిచే పేరు రాయకండి.

రేపు రెండు కాగితాలూ ఇచ్చి సీలు వేయించుకోండి. ఒకటి కోడ్ కోసం, ఒకటి టీసీఎస్ కోసం. కోడ్ ఏసీ04 అయితే ఆ మధ్యాహ్నమే 9032కు పంపేయొచ్చు. ఇంకేదైనా ఉంటే పంపకుండా ఆగి, ఆ సందేశం కాపీ ఫోటో నాకు పెట్టండి.